ఉప్పుమంచులో ఇనుపరేకు

కోరుట్ల బజారులో రేకులు, ముళ్ళతీగలు, రంగుడబ్బాలు అమ్ము దుకాణముల యెదుట తొలకరికి ముందు కొంతసేపు నిలుచున్నచో ఇట్టి సంభాషణ చెవిని బడుట అరుదు కాదు. దుకాణదారుడు రంగుపూసిన రేకును వ్రేలితో తట్టి చూపి, "ఇగ చూడు పటేలా, ఇది ఉప్పునీళ్ళ పరీక్షల వెయ్యి గంటలు నిలిచిన మాలు" అనును. రైతు ఒక క్షణము మనసులో లెక్క కట్టి, "వెయ్యి గంటలంటె నలభై రెండు దినాలే గద సేటూ! నా కొట్టం ఇరవై ఏండ్లు నిలవాలె" అనును. దుకాణదారుడు నవ్వి మాట మార్చును. బేరము వేరొక దారిని సాగిపోవును.

ఆ రైతు వేసిన ప్రశ్న బజారులో తేలిపోయినను శాస్త్రములో నేటికిని పూర్తిగా తేలలేదు. ప్రయోగశాలలోని గంటకును ఊరిలోని ఏడాదికిని మారకపు ధర యెంతయని లోహవేత్తలు నూరేండ్లకు పైగా తమలో తాము తర్కించుకొనుచునే యున్నారు. ఆ తర్కమునకు మూలమును వెదకుటకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. కోరుట్ల నుండి పడమరగా బస్సెక్కినచో పూటలో పోయి రావచ్చును.

కోనసముద్రపు ఉక్కు

కోస్తావారు తుప్పు అనుదానిని జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములవారు ఉర్దూ మాటతో జంగు అందురు. ఇత్తడికిని రాగికిని పట్టునది చిలుము. పేరేదైనను జరుగు పని యొక్కటే. మనుష్యుడు నిప్పును బొగ్గును వెచ్చించి, ప్రాణవాయువు పట్టునుండి బలవంతముగా విడదీసిన లోహము, చెమ్మ తగిలి అవకాశము చిక్కిన తోడనే మరల ఆ ప్రాణవాయువును చేరి, తాను పుట్టిన రాతిరూపమునకు సమీపమైన రూపమును దాల్చును. కనుక జంగు అనునది లోహమునకు వచ్చిన రోగమని చెప్పుటకంటె, పుట్టినింటికి చేయు తిరుగు ప్రయాణమని చెప్పుట యుక్తము.

ఆ పుట్టినిల్లు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. మెట్‌పల్లి దాటి నిజామాబాదు జిల్లాలో ప్రవేశించినచో కోనసముద్రమను గ్రామము గలదు. మూసలలో ఇనుమును రాత్రింబవళ్ళు కాచి అచ్చటివారు చేసిన ఉక్కును కొనుటకై పారశీక వర్తకులు అంత దూరము వచ్చి నిలుచుచుండిరి. భూమికొలత శాఖలో వైద్యుడుగాను శిలాశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వెస్లీ వాయ్సీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, 1824లో ఆయన మరణించిన పిమ్మట, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. మన 'ఉక్కు' అను దక్షిణదేశపు మాటయే పాశ్చాత్యుల నోట 'ఊట్జ్' అయినదని పండితులు చెప్పుదురు. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారును, ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును కలసి ఉత్తర తెలంగాణపు పల్లెలు తిరిగి, ఇనుము కరగించిన స్థలములను, చిట్టెపు దిబ్బలను అనేకముగా నమోదు చేసిరి.

ఈ ఉక్కుతో చేసిన కత్తికి ప్రసిద్ధి తెచ్చిన నీటియలలవంటి చారలు కేవలము సానపట్టినంతమాత్రమున స్పష్టముగా కనబడవు. అలుగును నున్నగా మెరుగుపెట్టి, ఆమ్లగుణముగల ద్రావకమును దానిపై పూసినప్పుడు, మెత్తని భాగము ముందుగా తినబడి నల్లబారగా, గట్టి కార్బైడు భాగము తినబడక తెల్లగా మిగులుటచే ఆ చారలు పైకి తేలును. అనగా, కత్తి కొనువాడు లోహమును కొంచెము తినిపించి దాని గుణమును కనిపెట్టెను. వినాశకమైన క్షయమునే సాక్షిగా నిలిపి లోహమును ప్రశ్నించు పద్ధతి మన ప్రయోగశాలలకంటె మిక్కిలి పాతది.

కమ్మరి కొడుకు పెట్టిన పరీక్ష

1794 ప్రాంతమున బొంబాయి నుండి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన ఊట్జ్ ముద్దలు లండనులో రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరినవి. వాని గుణములను మెచ్చినవారిలో జేమ్స్ స్టోడార్ట్ అను కత్తులు చేయువాడొకడు. ఆయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోని యువకుడగు మైకేల్ ఫారడేతో కూడి, భారతదేశపు ఉక్కు రహస్యమును తెలిసికొనుటకును, దానికి దీటైన క్రొత్త మిశ్రలోహములను చేయుటకును పూనుకొనెను. విద్యుచ్ఛాస్త్రములో తరువాత జగద్విఖ్యాతుడైన ఆ ఫారడే కమ్మరి కొడుకు.

1820లో వారు ప్రకటించిన వ్యాసములో జంగును గూర్చిన ఒక చిన్న విషయము గలదు. ఇనుములో నికెల్ కలిపిన ముక్కను, ఏమియు కలపని ఇనుపముక్కను చెమ్మకు వదలి చూడగా, నికెల్ కలిసినది తక్కువగా జంగుపట్టినది. కాని ఆ నికెలునే ఉక్కులో కలిపినప్పుడు జంగు తగ్గుటకు మారుగా హెచ్చినట్లు తోచినది. ఫలితము కంటె ఇచ్చట పద్ధతి ముఖ్యము. వారు నికెల్ ముక్కను ఒంటరిగా నిలిపి, ఇది ఎన్ని ఏండ్లు బ్రతుకునని అడుగలేదు; దానికి తోడుగా గుణము తెలిసిన మరియొక ముక్కను నిలిపి, ఈ రెండింటిలో ఏది ముందుగా చెడునని మాత్రమే అడిగిరి. ఈ తోడుముక్క అను భావమును పాఠకుడు మనసునందుంచుకొనవలెను. ఈ అధ్యాయమంతయు దాని చుట్టునే తిరుగును.

ఫారడే చేసిన ముక్కలు 79 ఒక పెట్టెలో భద్రముగా నుండి, నూరేండ్లకు పైబడిన తరువాత రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ చేతికి చిక్కగా, ఆయన వానిని శోధించి 1931లో గ్రంథమొకటి వెలువరించెను. ఈ లోపున 1913లో షెఫీల్డునందు హ్యారీ బ్రియర్లీ, నూటికి పండ్రెండు పదమూడు పాళ్ళు క్రోమియము గల ఉక్కు ఆమ్లములకు లొంగుట లేదని గుర్తించెను. నేడు మన వంటిండ్లలోని స్టీలు గిన్నెలు ఆ వంశమునకు చెందినవే.

ఒక్క నీటిబొట్టు

పరీక్షలను అర్థము చేసికొనుటకు ముందు జంగుపుట్టుక కొంత తెలియవలెను. కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ చేసి చూపిన ప్రయోగమును మించిన పాఠము దీనికి లేదు. మెరుగుపెట్టిన ఇనుపరేకుపై ఒక్క ఉప్పునీటి బొట్టును ఉంచి, అందులో రంగుమారు ద్రవ్యములు రెండు కలిపినచో, కొంతసేపటికి బొట్టు నడుమ నీలముగాను అంచు చుట్టును గులాబిరంగుగాను మారును. నడుమ ప్రాణవాయువు అందదు. అచ్చట ఇనుము కరగి, ఎలక్ట్రానులను విడుచును. అంచున గాలి సులభముగా తగులును. ఆ ఎలక్ట్రానులు లోహము గుండా అచ్చటికి పోయి, నీటితోను ప్రాణవాయువుతోను కలసి క్షారమును పుట్టించును. బొట్టంత స్థలములో ఒక బ్యాటరీ నడచుచున్నదన్నమాట. ఉప్పు ఈ బ్యాటరీలో నీటికి విద్యుత్తును మోయు శక్తిని పెంచును. అందులోని క్లోరైడు లోహముపై నేర్పడు సన్నని రక్షణపొరలను ఛేదించును.

ఇందుండి మూడు సంగతులు స్పష్టమగును. నీరు లేనిది జంగు లేదు. గాలి లేనిది జంగు లేదు. గాలి సమముగా అందనిచోట జంగు ఎక్కువ. 1930 దశకములో వెర్నన్ అను పరిశోధకుడు చేసిన పరిశోధనలు, గాలిలోని తేమ ఒక మేరకు, అనగా సుమారు నూటికి 60 పాళ్ళకు, మించువరకు ఇనుము నెమ్మదిగా నుండుననియు, ఆ మేర దాటిన పిదపనే జంగు వేగము పుంజుకొనుననియు చూపినవి. వేసవిలో గోడకు ఆనించిన గడ్డపార మెరయుచుండి, ఆషాఢపు ముసురు పట్టగానే రెండు దినములలో ఎర్రబారుటకు కారణమిదియే.

పెట్టెలోని సముద్రము

సహజముగా జంగుపట్టుటకు ఏండ్లు పట్టును. కర్మాగారమువాడు అన్నాళ్ళు వేచియుండలేడు. కనుక 1914లో జె.ఎ. క్యాప్ అను అమెరికా ఇంజనీరు, పూతపూసిన లోహములను ఒక పెట్టెలో పెట్టి, వానిపై ఉప్పునీటిని మంచువలె చిమ్మి పరీక్షింపవచ్చునని సూచించెను. 1939లో అది బి117 అను పేర అమెరికా ప్రమాణముగా స్థిరపడి, నేడు లోకమంతట వ్యాపించియున్నది. దుకాణదారుడు చెప్పిన వెయ్యి గంటలు ఆ పెట్టెలోని గంటలే.

పెట్టె లోపల వేడి 35 డిగ్రీలు. నూటికి 5 పాళ్ళ ఉప్పుగల నీరు, అనగా సముద్రజలము కంటెను ఉప్పనైనది, గాలి ఒత్తిడితో సన్నని మంచుగా మారి ఎడతెగక దిగుచుండును. మంచు మరీ తక్కువగాను మరీ ఎక్కువగాను పడకుండ, 80 చదరపు సెంటీమీటర్ల గరాటులో గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్లు చేరునట్లు చూతురు. నీటి పీహెచ్ 6.5కును 7.2కును నడుమ నుండవలెను. పలకలను నిట్టనిలువుగాను పడుకోబెట్టియు కాక, కొంచెము వాల్చి నిలుపుదురు.

పలకను పెట్టెలో పెట్టుటకు ముందు పదునైన పనిముట్టుతో పూతను చీల్చి లోహము బయటపడునట్లు గీత గీయుదురు. క్రొత్తగా చూచినవారికి ఇది క్రూరముగా తోచును. కాని లోకములో గీతపడని రేకు లేదు. గీతనుండి జంగు పూత క్రిందుగా ఎంత దూరము ప్రాకినది, పూత ఎక్కడెక్కడ పొక్కినది, ఎంత భాగము ఎర్రబారినది అను లెక్కలే పరీక్షాఫలము. పూత స్వభావము కూడ ఈ గీతవద్దనే బయటపడును. తగరపు పూత గల డబ్బారేకుపై గీతపడినచో, తగరము తాను చెడక క్రింది ఇనుమునే త్వరగా చెరచును. జింకుపూత గల రేకుపై గీతపడినచో, జింకు తాను కరగుచు ఇనుమును కాచును. ఒకటి ప్రక్కవాని నష్టముతో బ్రతుకు పూత, మరియొకటి తన్ను తాను అర్పించు పూత.

జింకునకు జరిగిన అన్యాయము

అట్టి త్యాగశీలమైన జింకునకే ఉప్పుమంచు పెట్టెలో గొప్ప అన్యాయము జరుగును. బయట వానకు తడిసి యెండకు ఆరు జింకు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, తనపై బూడిదవన్నె గల గట్టి పొరనొకటి కట్టుకొనును. ఆ పొరయే దానికి కవచము. పెట్టెలోనో, ఆరుట అనునదే లేదు. నిరంతరము ఉప్పుతడిలో మునిగియున్న జింకునకు కవచము కట్టుకొను వ్యవధి దొరకక, తెల్లని పొడిగా రాలి త్వరగా క్షయించును. ఇందువలన, ఊరిలో ఏండ్ల తరబడి నిలువగల గాల్వనైజు రేకు, పెట్టెలో ఒక సామాన్యమైన రంగుపూతకు ఓడిపోవుట గలదు. బి117 ప్రమాణము వ్రాసినవారే, ఈ ఫలితమునొక్కదానినే ఆధారము చేసికొని సహజవాతావరణములో ఆయుర్దాయము చెప్పుట అరుదుగా మాత్రమే సరిపోవునని అందులోనే హెచ్చరించియున్నారు. ఆ హెచ్చరిక ప్రకటనలలోనికి దిగిరాదు.

జింకు ఆయుర్దాయమును చెప్పుటకు గంటలకంటె మంచి కొలత దాని బరువు. రేకుపై చదరపు మీటరునకు, ఇరువైపుల కలిపి, 275 గ్రాముల జింకు ఉన్నదనుకొందము. జింకు సాంద్రతను బట్టి లెక్కించినచో ఒక్కొక్క వైపున మందము సుమారు 19 మైక్రాన్లు. గాలిని దాని తినెడి గుణమును బట్టి తరగతులుగా విభజించిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, సముద్రమునకును పొగగొట్టములకును దూరమైన రెండవ తరగతి గాలిలో జింకు ఏడాదికి 0.1 మొదలు 0.7 మైక్రాన్ల వరకు తరుగును. సముద్రపు ఒడ్డున ఐదవ తరగతి గాలిలో 4.2 మొదలు 8.4 వరకు తరుగును. ఒకే రేకు మొదటిచోట ఎక్కువ తరుగుదలకే 27 ఏండ్లు నిలువగా, రెండవచోట రెండు మొదలు నాలుగున్నర ఏండ్లలో జింకును కోలుపోవును. జింకు 120 గ్రాములే ఉన్న చవుకరేకు ఆ రెండవ తరగతి గాలిలోనే పండ్రెండేండ్లకు బోడి కావచ్చును. జగిత్యాలకు సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అట్టిచోట పందిరి వేయువాడు పెట్టెలోని సముద్రమును గూర్చి అడుగుటకంటె, రేకుపై జింకు ఎన్ని గ్రాములని అడుగుట మేలు.

ప్రతి ఊరికి తన ఉప్పు

అయితే సముద్రము లేనిచోట అంతయు క్షేమమని అనుకొనరాదు. మన రైతు రేకు అడిగినది కొట్టమునకు. పశువుల మూత్రమునుండి లేచు అమ్మోనియా జింకునకును ఇత్తడికిని శత్రువు. వెనుక బ్రిటిష్ సైన్యము ఈ దేశములో వానకాలమందు గుర్రపుశాలలలో దాచిన ఇత్తడి తూటాలు వాడుకకు ముందే పగుళ్ళు వారుచుండెను. ఆ అమ్మోనియాయే కారణమని 1921లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు నిరూపించిరి. ఎరువుల గదిలో పోసియుంచిన పొటాష్ అనునది పొటాషియం క్లోరైడు. సముద్రము రాకున్నను సముద్రపు క్లోరైడు సంచులలో వచ్చినది. కొట్టపు రేకు పైవైపున వానతో సుఖముగా కాపురము చేయుచు, అడుగువైపున ఈ ఆవిరులతో చెడుచుండును. ఉప్పుమంచు పెట్టెలో అమ్మోనియా లేదు. అడుగని ప్రశ్నకు పరీక్ష జవాబు చెప్పదు.

సిరిసిల్లకు పోయినచో ప్రశ్న మరల మారును. అచ్చటివారు సాంచాలని పిలుచు మరమగ్గములలో నూలు అచ్చు పళ్ళ సందులనుండి సాగిపోవును. వంతెన దూలముపై వ్రేలెడు జంగు పట్టినను దాని బలము చెడదు. అచ్చుపంటిపై ఆవగింజంత జంగు పుట్టినచో గుడ్డపై మరకపడి సరకు తిరిగివచ్చును. కనుక దూలమునకు ఎంత లోహము పోయినదని తూచి చూడవలెను. సాంచాకు మొదటి మచ్చ ఎప్పుడు పుట్టెనని తేమపెట్టెలో కనిపెట్టవలెను. ఓటమి అననేమో ముందుగా నిర్ణయించుకొనని పరీక్షకు గెలుపును తెలియదు.

మల్లాపూర్ మండలమందలి ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకురసము ఆమ్లగుణము గలది. గానుగ రోలర్లను తినుచుండును. అయినను నడుచు యంత్రమునకు రాపిడియు నూనెయు కావలియుండును. నిలిచిపోయిన యంత్రమునకో, సందులలో చేరిన నీరును ధూళియు తోడగును; ఎవాన్స్ బొట్టులో చూపిన కథ అచ్చట ప్రతి సందులోను నడుచును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి దుబాయి, కువైటు, సౌదీలకు పోయి పనిచేసినవారిలో ఉక్కుకు ఇసుక కొట్టి రంగువేసినవారు కొందరు గలరు. పూత గుణములో సగము డబ్బాలో నుండక, దాని క్రింది ఉక్కు శుభ్రతలో నుండునని వారికి అనుభవముచేత తెలియును. జంగుపై వేసిన రంగు జంగుతోనే ఊడిపోవును. గడిగా గీతలు గీసి, అంటుకాగితము వేసి లాగి చూచు అంటుపరీక్ష ఈ సత్యమును నిమిషములో బయటపెట్టును. ఆ పనిలో పీల్చు సన్నని ఇసుకధూళి ఊపిరితిత్తులను రాయిచేయునని కూడ ఇచ్చటనే చెప్పవలసియున్నది. ఉక్కును కాపాడువాని రొమ్మును కాపాడుట మొదటి ధర్మము.

కొత్త పరీక్షలు, పాత తోడు

పెట్టెలోని దోషములను దిద్దుటకు తరువాతివారు తడియు ఆరుదలయు మార్చి మార్చి వచ్చునట్లు పరీక్షలను కల్పించిరి. ఇవి రంగుపూతల విషయములో బయటి గాలికి సమీపముగా నడచును. మరియొక మార్గము విద్యుత్తుది. పూతపూసిన పలకను ఉప్పునీటిలో ముంచి, మిక్కిలి చిన్న ఒడిదుడుకు విద్యుత్తును పంపి, పూత దానిని ఎంతగా అడ్డగించునో కొలుతురు. మంచి పూత చదరపు సెంటీమీటరునకు వందకోట్ల ఓములకు మించిన అడ్డు పెట్టును. అది పదిలక్షలకు దిగినచో, కంటికి మచ్చయైన కనబడకున్నను, నీరు లోపలికి దారి చేసికొన్నదని అర్థము. కారైకుడిలో 1948లో శంకుస్థాపన జరిగిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయమును, హైదరాబాదులో బాలాపూర్‌నందలి ఎ.ఆర్.సి.ఐ. సంస్థయు ఇట్టి పూతలను చేయుటయందును పరీక్షించుటయందును చిరకాలముగా కృషిచేయుచున్నవి.

యంత్రము ఎంత సూక్ష్మమైనను ఫారడే తోడుముక్క మాత్రము తప్పదు. పెట్టెలోని గంటలు ఏండ్లుగా మారవు. కాని గుణము తెలిసిన పలక ప్రక్కన క్రొత్త పలకను నిలిపి చూచినచో, ఇది దానికంటె మేలా కీడా యని ఆ గంటలు నిజముగా చెప్పగలవు. నిన్నటి డబ్బాలోని రంగునకును నేటి డబ్బాలోని రంగునకును భేదమును కనిపెట్టుటలో ఉప్పుమంచు పెట్టెకు నేటికిని గౌరవము గలదు. పరీక్ష జ్యోతిషము కాదు, తూకము. తూకమునకు రెండవ తట్ట అవసరము.

ఊరి గాలిని తూచుటకు మహాయంత్రములు అక్కరలేదు. కొండగట్టు దిగువన నాచుపల్లిలో ఇంజనీరింగు కళాశాల గలదు. ప్రతి మండలములో ఉన్నత పాఠశాల గలదు. మేడపై దక్షిణముఖముగా వాలు చట్టమొకటి నిలిపి, మామూలు ఉక్కుపలకలను, జింకుపలకలను తూచి కట్టి, ఏడాదికొకమారు కొన్నింటిని దింపి, జంగును రసాయనముతో కడిగి మరల తూచినచో చాలును. ఇరువైపుల కలిపి 300 చదరపు సెంటీమీటర్లు గల ఉక్కుపలక ఒక గ్రాము తరిగినదనగా మందములో 4 మైక్రాన్లకు కొంచెము పైగా పోయినదన్నమాట. అదే చట్టమును కొట్టములో ఒకటి, సాంచాల గదిలో ఒకటి, గోదావరి ఒడ్డున ధర్మపురిలో ఒకటి కట్టినచో, కోరుట్ల రైతు అడిగిన ప్రశ్నకు కోరుట్ల గాలియే సమాధానము చెప్పును. ఉపాధ్యాయులారా, విద్యార్థులారా, ఈ వానకాలమే రెండేసి పలకలు కట్టుడు. వెనుకవైపున తారీకును బరువును చెక్కుట మాత్రము మరువవలదు.